రక్తం ముందే చెప్పింది

సూరత్, దవాఖాన వరండా
ఆదివారం

అన్నకు,

నువ్వు బాగున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. నేను బాగున్నానని మాత్రం రాయలేను.

మొన్న మా అమ్మాయి లత ఫోను చేస్తే "ఆఁ ఆఁ, మంచిగున్న బిడ్డా, మంచిగున్న" అని పెట్టేశావట. పాపం అది ఇటువైపు ఏడుస్తూ ఉంది. నీ డబ్బా ఫోనులో రాసి పంపితే నువ్వు తెరిచి చూడవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కడోదరా చౌరస్తా నుంచి సిరిసిల్లకు వచ్చే బస్సు డ్రైవరుకు ఇస్తాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

మీ బావ తలలో నరం చిట్లింది.

జోల్వా కార్ఖానాలో బట్ట నేసే సాంచాల మధ్య నిలబడ్డ మనిషి ఒక్కసారిగా కూలబడ్డాడట. గుండె పట్టుకుని ఏదో చూపించాడట. పక్క సాంచాల మీద ఉన్నది ఒడిశా వాళ్లు, వాళ్లకు అర్థం కాలేదు. గుండెనొప్పి అనుకుని ముందు గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. అక్కడి నుంచి ఈ ట్రస్టు దవాఖానకు తెచ్చారు. తొడ దగ్గర నుంచి సన్నటి తీగ ఒకటి తలలోకి పంపి, చిట్లిన చోటును మూసేశారు. ప్రాణం నిలబడింది.

కానీ గండం గడవలేదట. ఓంప్రకాష్ అని ఒక చిన్న డాక్టరు ఉన్నాడు, ఇంకా పెద్ద చదువు చదువుతున్నాడు. హిందీలో చెప్పాడు, నాకు అర్థమైనంత రాస్తున్నాను. తలలో చిమ్మిన రక్తం ఊరికే ఉండదట. ఆ రక్తం తగిలి, ఇంకో రెండు వారాల లోపు, చెడిపోని నరాలు కూడా బిగుసుకుపోవచ్చట. అప్పుడు మెదడులో ఆ భాగానికి రక్తం అందక కాలో చెయ్యో మాటో పడిపోతుంది. ఎవరికి అలా అవుతుందో ముందుగా తెలియదు. అయితే ఒంట్లోని రక్తంలో కొన్ని గుర్తులు ముందే పెరుగుతాయేమోనని వీళ్లు పరీక్ష చేస్తున్నారు. అందుకు రోజూ కొంచెం రక్తం తీసుకుంటానని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. "నెత్తిల కారింది సాలదా, ఇంక చెయ్యిలకెళ్లి గూడ తోడుతవా?" అన్నాను. లత దాన్ని ఏమని మార్చి చెప్పిందో గానీ, అతను చేతులు జోడించి "థాంక్యూ ఆంటీ" అన్నాడు. ఇక ఏం చేస్తాను, సంతకం పెట్టాను.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరే. రక్తం బాగానే ఉందంటున్నారు, మనిషి బాగా లేడంటున్నారు. పొద్దునా సాయంత్రం డాక్టర్లు వచ్చి పేరేంటి, ఏ నెల, చెయ్యి ఎత్తు అని అడుగుతారు. ఆయన వాళ్ల కళ్లలోకి చూస్తాడు తప్ప పలకడు. నేను లోపలికి పోయినప్పుడు మూతిగుడ్డ కిందికి గుంజి మాట్లాడితే మాత్రం ఒకటి రెండు మాటలు అంటాడు. నరాలు బిగుసుకోవడం మొదలైందని వాళ్ల అనుమానం. మళ్లీ తలలోకి తీగ పంపి చూడాలంటున్నారు. అలా పంపడంలో కూడా ప్రమాదం ఉందట.

లత పొద్దున చీరల ప్యాకింగ్‌కు పోతుంది. వరండాలో చుట్టూ గుజరాతీలు, మరాఠీలు, బీహారీలు. తెలుగులో ఏడ్చే మనిషిని నేనొక్కదాన్నే. నువ్వు రావాలని రాయడం లేదు. నూలు చుట్టే నీ కండెల పని నీకుంది.

నీ చెల్లె,
సుభాషిణి

సిరిసిల్ల
మంగళవారం

చెల్లే,

నీ ఉత్తరం బస్సు ఆగిన చోటే, కండెల సంచి మీద కూర్చుని చదివాను. చదివి లేచి ఇంటికి పోబోయి, మళ్లీ కూర్చుని ఇంకోసారి చదివాను.

నువ్వు రాసినదాంట్లోనే జవాబు ఉంది. నీతో మాట్లాడతాడు, వాళ్లతో మాట్లాడడు. నువ్వు మూతిగుడ్డ కిందికి గుంజుతావు, వాళ్లు గుంజరు. బావకు ఏమీ కాలేదు. ఆయనకు వాళ్ల మాట కనబడడం లేదు, అంతే.

నువ్వు సాంచాల హాలులో ఎప్పుడూ నిలబడలేదు కాబట్టి నీకు తెలియదు. మేము విని మాట్లాడం, చూసి మాట్లాడతాం. ఆ చప్పుడులో చెవులు మొదటి పదేళ్లకే సగం పోతాయి. తర్వాత పెదవులు చూడడం, చేతులతో సైగ చేయడం. మీరు సూరత్ పోకముందు ఇక్కడి హాలుకు ఆ చివర నేను, ఈ చివర బావ, రోజంతా ముచ్చట పెట్టుకునేవాళ్లం. సేఠ్ వస్తున్నాడంటే బొజ్జ మీద చెయ్యి గుండ్రంగా తిప్పేవాళ్లం. ఆయనకు అది ఏనాడూ తెలియలేదు.

కరోనా కాలంలో ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకున్నప్పుడు నాకు లోకం మూగబోయింది. రేషన్ దుకాణంలో వాడు ఏదో అడిగేవాడు, నేను బిత్తరపోయి చూసేవాణ్ణి. వాడు విసుక్కుని వెనక మనిషిని పిలిచేవాడు. నెలలకు నెలలు ఒక్క మనిషి మాట నా దాకా రాలేదు. ఇప్పుడు బావది అదే బాధ. తల పగిలి పడుకున్న మనిషి చుట్టూ మూతుల్లేని ముఖాలు తిరుగుతున్నాయి.

ఆ డాక్టరును మూతిగుడ్డ తీసి అడగమను. తర్వాత నాకు రాయి.

నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. పక్కింటి మంగ కూర తెచ్చి పెడుతుంది. నేను వచ్చేవాణ్ణే, కానీ కండెలు చాలా ఉన్నాయి.

సోమలింగం

సూరత్, అదే వరండా
గురువారం

అన్నా,

నీ నోట్లో చక్కెర పొయ్య!

నీ ఉత్తరం అందగానే ఓంప్రకాష్ చెయ్యి పట్టుకుని గుంజుకుపోయాను. నర్సమ్మ నన్ను గుజరాతీలో తిట్టింది, నేను ఆమెను తెలుగులో తిట్టాను. చివరికి అతను అద్దం తలుపు అవతల నిలబడి మూతిగుడ్డ తీసి, నేను చెప్పినట్టే నిదానంగా "ఆప్‌కా నామ్ క్యా హై?" అన్నాడు.

మీ బావ ఇటు తిరిగి, "రాజనర్సు. ఇన్నొద్దుల సంది గా ముచ్చట గట్టిగ అడుగరాదా?" అన్నాడు.

లత ఒక పక్క ఏడుస్తూనే నవ్వింది. ఏ నెల అని అడిగితే "ఏ నెలైతేంది, సాంచాలు నడుస్తున్నయా లేదా?" అన్నాడు. ఆ మాట లత హిందీలో చెప్పాక ఓంప్రకాష్ ముఖం ఎర్రబడింది. తీగ పంపే మాట ఆపేశారు. మంచం తలాపున హిందీలో, గుజరాతీలో "వినికిడి తక్కువ" అని రాసి అంటించారు. చేర్చుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అని పెద్ద డాక్టరు నన్ను అడిగాడు. మన ఇళ్లలో దాన్ని చెవుడు అని ఎప్పుడైనా అన్నామా? గట్టిగా మాట్లాడడమే మనకు మాట్లాడడం. ఏమైనా జబ్బులున్నాయా అని అడిగితే ఏమీ లేవనే రాయించాను.

ఓంప్రకాష్ పాపం మంచివాడు. "రక్తం సరిగ్గానే చెప్పింది ఆంటీ, మేమే తప్పు చూశాం" అన్నాడు. ఇప్పుడు అతను సూది తీసుకుని వస్తే నాకు కోపం రావడం లేదు. చిన్న సీసాలో ఆయన రక్తం నల్లగా కనిపిస్తుంది. అది పట్టుకుని అతను పోతుంటే, ఇవాళ కూడా మంచి మాటే చెప్పు అని మనసులో అనుకుంటాను.

గండం రోజులు ఇంకా అయిపోలేదు. అయినా ఇవాళ అన్నం సహించింది.

సుభాషిణి

సిరిసిల్ల
శనివారం

చెల్లే,

చూశావా మరి! చదివినవాళ్లు తోచక కూర్చున్న చోట ఈ చెవిటి సోమలింగం ఇంట్లో కూర్చుని జబ్బు కనిపెట్టాడు. నీ ఉత్తరం పట్టుకుని బజారంతా తిరిగాను. ఎవరూ ఏమీ అడగలేదు గానీ, నా ముఖం చూసి మంచి కబురని వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఇకమీదట ఎవరు కంగారు పెట్టినా బెదరకు. పలకడం లేదని ఎవరన్నా అంటే "ఆయనకు వినపడదు, అంతే" అని చెప్పు. నువ్వు బెదిరితే డాక్టర్లు ఇంకా బెదరగొడతారు. మళ్లీ తీగలు, సూదులు అంటారు. గట్టిగా నిలబడు.

బావకు బొజ్జ మీద చెయ్యి తిప్పి చూపించు. నవ్వుతాడు.

సోమలింగం

సూరత్
శుక్రవారం

అన్నకు,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అంతా బాగే. మధ్యలో కొంచెం తేడా చేస్తే మళ్లీ ఒకసారి తీగ పంపారు. ఇప్పుడు పరవాలేదు. వాన బాగా పడుతోంది. లతకు జలుబు చేసింది.

నువ్వు వేళకు తిను.

సుభాషిణి

సిరిసిల్ల
ఆదివారం

సుభాషిణీ,

నీ ఉత్తరం నాలుగు వరుసలు. అందులో ఒకటి వాన గురించి, ఒకటి జలుబు గురించి. నువ్వు చిన్నప్పుడు కుండ పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే వాన గురించి మాట్లాడేదానివి.

నేను మంగ ఇంటికి పోయి లతకు ఫోను చేయించాను. మంగ వింటూ ఉంది, నేను మంగ ముఖం చూస్తూ ఉన్నాను. ఫోను పెట్టేశాక తన మూతి మీద రెండు వేళ్లు పెట్టుకుని, చెయ్యి గాలిలో ఊపింది. మాట పడిపోయిందని నాకు అర్థమైంది. కుడి చెయ్యి కూడా లేవడం లేదట గదా.

ఇంకొకరి ముఖంలో చూసి తెలుసుకోవలసి వచ్చింది. నేను చెవిటివాణ్ణే గాని, చదవడం వచ్చినవాణ్ణి. నాకు రాయడానికి నీకేం అడ్డం వచ్చింది?

జరిగింది జరిగినట్టు రాయి. ఎంత చెడ్డదైనా సరే.

సోమలింగం

సూరత్
మంగళవారం

అన్నా,

రాస్తున్నాను. చదివి నన్ను తిట్టినా సరే, నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఆ పొద్దున ఓంప్రకాష్ ఎప్పటికంటే ముందే వచ్చాడు. చేతిలో సూది లేదు. "ఆంటీ, నిన్నటి రక్తంలో ఆ గుర్తు ఒక్కసారిగా చాలా పెరిగింది. అంకుల్‌లో మీకు ఏమైనా తేడా కనిపిస్తోందా? పిలిస్తే పలుకుతున్నారా?" అని అడిగాడు.

అతను అడగడానికి కొంచెం ముందే నేను ఆయన్ను పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. నా మూతికి గుడ్డ లేదు, అన్నా. ఆయన నా పెదవులు చూస్తూనే ఉన్నాడు, అయినా పలకలేదు. తేడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఆ మాట ఒప్పుకుంటే మళ్లీ తీగ, మళ్లీ గండం. నేను నవ్వాను. "ఆయనకు ఇనవడది బాబూ, మొన్న నువ్వే జూసినవు గద" అన్నాను. నాకు వచ్చిన హిందీలో గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాను.

మొన్న అతను తప్పు, నేను కరెక్టు. అందుకే ఇవాళ నా మాట నమ్మాడు. అద్దం దగ్గర కాసేపు నిలబడి చూశాడు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. "హాఁ, సహీ బాత్ హై" అని, మధ్యాహ్నం మళ్లీ చూస్తానని పోయాడు.

మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే మూతి ఒక పక్క నుంచి కారిపోయింది. కుడి చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది. ఎత్తి పెట్టాను, మళ్లీ జారింది. అప్పుడు అరిచాను. పరుగెత్తుకొచ్చారు. తీగ పంపి, బిగుసుకున్న నరంలోకి మందు వదిలారు. నరం తెరుచుకుంది. మాట తెరుచుకోలేదు.

రక్తం ముందే చెప్పింది. నేను కాదన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఓంప్రకాష్‌ను పట్టుకుని అడిగాను, ఆ పొద్దున నేను అవునని ఉంటే మాట దక్కేదా అని. అతను అబద్ధం చెప్పలేదు. "ఆ గుర్తు నమ్మదగిందో కాదో ఇంకా తేలలేదు ఆంటీ. దాన్ని బట్టి మందు మార్చే అధికారం నాకు లేదు. మీరు తేడా ఉందంటే మాత్రం పెద్ద డాక్టరును అప్పుడే పిలిచేవాణ్ణి. దక్కేదో లేదో నేను చెప్పలేను" అన్నాడు. అతని కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. నీ పరీక్షలో ఇది కూడా రాయి, రక్తం చెప్పింది, పెళ్లాం కాదంది అని రాయి అన్నాను. అలా రాయడానికి అందులో చోటు లేదన్నాడు.

ఎందుకు దాచానో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేను అతనితో అన్న మాట నీ ఉత్తరంలోదే. నువ్వు ఆ ఇంట్లో ఒక్కడివే కూర్చుని దాన్నే నెమరేస్తావని భయపడ్డాను. తప్పు నీది కాదు. నువ్వు సిరిసిల్లలో ఉన్నావు. నేను ఆయన పక్కన ఉన్నాను.

లతకు ఇది చెప్పలేదు. చెప్పడానికి తెలుగు చదివే మనిషి నువ్వు తప్ప నాకెవరున్నారు?

సుభాషిణి

సిరిసిల్ల
దసరా వెళ్లాక

చెల్లే,

ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నా పాత ఉత్తరం గుర్తొచ్చింది. బజారంతా తిరిగిన ఆ రోజు గుర్తొచ్చింది. నేను జబ్బు కనిపెట్టానని రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నువ్వు ఒక నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. కండెల పని ఎక్కువై రాలేదన్నది అబద్ధం. నిరుడు మీ దగ్గరికి వస్తూ ధూలియాలో టీ కోసం దిగాను. బస్సువాడు హారన్ కొట్టాడట, నాకు వినపడలేదు. తిరిగి చూస్తే బస్సు లేదు. నా సంచి, నా చెప్పులు కూడా దాంట్లోనే పోయాయి. బస్సులో కాళ్లు చాచుకుందామని చెప్పులు విప్పి, అలాగే దిగాను మరి. పూటంతా ఆ హోటల్ ముందు ఉత్త కాళ్లతో నిలబడ్డాను. ఎవరు ఏం చెప్పారో ఒక్క ముక్క తెలియలేదు. నీతో బస్సు చెడిపోయిందని చెప్పాను. అప్పటి నుంచి బస్సు ఎక్కాలంటే నాకు భయం. బావ చావు బతుకుల్లో ఉన్నప్పుడు కూడా ఆ భయమే నన్ను ఆపింది. మంగ కూర తెచ్చి పెట్టడం కూడా ఎప్పుడో ఒకనాటి మాట. రోజూ నా వంట నేనే, నా పళ్లెం ముందు నేనే.

నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు. ఓదార్చడానికీ లేదు. నాకు చేతనైంది ఒకటే ఉంది, అది చేస్తాను.

మాట పోయినా చేతులు మిగిలి ఉండవచ్చు. బావకు పడిపోయింది కుడి చెయ్యే గదా, ఎడమ చెయ్యి బాగానే ఉండాలి. మేము హాలులో చేసే సైగలు నీకు రాసి పెడతాను, నువ్వు చేసి చూడు. పోగు తెగిందంటే రెండు చూపుడు వేళ్లు కలిపి విడదీస్తాం. నొప్పి ఉంటే కూడా బావ అదే చూపేవాడు, చూపుతూ ఎక్కడ తెగిందో అక్కడ తాకేవాడు. చాయ్‌కి బొటనవేలు పెదవికి ఆనిస్తాం. నీళ్లకు కూడా అదే, కానీ తల వెనక్కి వంచాలి. వద్దంటే అరచెయ్యి బోర్లించాలి. బొజ్జ సైగ నీకు తెలుసు. ఇంకా చాలా ఉన్నాయి, కాగితం మీద చేతులు గీయడం నాకు రాదు.

సోమలింగం

కడోదరా
కార్తీకం

అన్నకు,

గదికి తీసుకొచ్చేశాం. నేషనల్ హైవే లారీలు, పక్క గల్లీలో సాంచాలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆయన మాత్రం మంచం మీద ఉన్నాడు. పొద్దున లత డబ్బా పట్టుకుని పోతుంది, "మమ్మీ, టెన్షన్ నహీ లేనే కా" అంటుంది, మళ్లీ చీకటి పడ్డాకే రాక. నేను చీరలకు చమ్కీలు అంటిస్తూ కూర్చుంటాను. ఒక గదిలో ఇద్దరం, పొద్దంతా మాట లేదు. కొన్నిసార్లు నాకు నా గొంతే కొత్తగా వినిపిస్తుంది.

ఆయన ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి పడుకుంటాడు. మొదట ఎందుకో అర్థం కాలేదు. నేనూ చెయ్యి పెట్టి చూశాను. అవతలి సాంచాల అదురు గోడలోంచి తెలుస్తుంది. అవి ఆగితే చెయ్యి తీసేస్తాడు.

నువ్వు రాసిన సైగలు చేశాను. చాయ్ సైగకు తల ఊపాడు. బొజ్జ సైగ చేస్తే మూతి ఒక పక్కనే నవ్వింది. ఆ సగం నవ్వుకు నేను వంటింటి మూలకు పోయి ఏడ్చి వచ్చాను.

కానీ ఒక సైగ ఆయన చేస్తున్నాడు, అది నువ్వు రాసినవాటిలో లేదు. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుంటాడు. తర్వాత అదే చెయ్యి నా వైపు చాచి, వేళ్లు రెండు సార్లు ముడిచి తెరుస్తాడు. నా ముఖంలోకి చూస్తాడు. నేను చాయ్ ఇస్తే వద్దంటాడు, నీళ్లిస్తే వద్దంటాడు. మళ్లీ అదే. పొద్దుటి నుంచి పడుకునేదాకా అదే. గుండెలో నొప్పేమోనని దవాఖానకు తీసుకుపోతే గుండె బాగుందన్నారు. లత జోల్వా పోయి కార్ఖానాలో అడిగింది. వాళ్లకు తెలియదు. కానీ కూలబడ్డ రోజు ఆయన చూపించింది కూడా సరిగ్గా ఇదేనట, గుండె మీద చెయ్యి, తర్వాత చాచడం.

నాకు ఒకటే అనిపిస్తోంది. నువ్వే చేశావు, నా మాట నువ్వే తీసుకున్నావు అని వేలెత్తి నన్ను చూపిస్తున్నాడేమో. అలా అయితే అలాగే రాయి. నాకు తెలియాలి.

దవాఖానలో ఓంప్రకాష్ కనిపించాడు. ఆయన రక్తం లెక్కలు ఇంకా చూస్తూనే ఉన్నాడట. ఇప్పుడు కొత్త రోగి ఎవరొచ్చినా ముందు చెవుల సంగతి అడుగుతున్నాడట, తర్వాత ఇంటివాళ్లు ఏం చెప్పినా ఒకసారి తనే మళ్లీ చూస్తున్నాడట.

సుభాషిణి

సిరిసిల్ల
గురువారం

సుభాషిణీ,

ఉత్తరం చదివి వెంటనే కాగితం తీసుకున్నాను. ఆ సైగ రాయడం నేనే మరిచిపోయాను. హాలు విడిచాక దాన్ని చేయడానికి నాకు ఎదురుగా ఎవరూ లేరు, అందుకే మరిచిపోయాను.

అది నింద కాదు. గుండె మీద చెయ్యి అంటే నావి. చాచిన చెయ్యి అంటే నీకు. వేళ్లు ముడిచి తెరవడం అంటే సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. "నా సాంచాలు గూడ నువ్వే సూడు, నేనొస్త" అని దాని అర్థం. ఒంట్లో బాగా లేకపోయినా, బయటికి పోవలసి వచ్చినా, పక్కవాడికి ఆ సైగ చేసి పోతాం. ఎవరికి పడితే వాళ్లకు చెయ్యం. బావ హాలులో ఉన్నన్నాళ్లూ నాకు తప్ప ఎవరికీ చేయలేదు.

చూస్తానన్నవాడు జవాబు ఇవ్వాలి. అరచెయ్యి నెత్తి మీద పెట్టుకోవాలి. నా నెత్తిన వేసుకున్నాను, నువ్వు పో అని. ఆ జవాబు కనబడేదాకా మనిషి సాంచా విడిచి కదలడు. ఒకసారి నేను అటు తిరిగి బీడీ తాగుతుంటే బావ చాలాసేపు కాళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు, అంత అవసరం వచ్చి కూడా. తర్వాత నన్ను వారం రోజులు తిట్టాడు.

బావ కూలబడ్డ రోజు అదే అడిగాడు. అక్కడ జవాబు ఇచ్చినవాడు లేడు. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాడు.

ఇంకో సంగతి. మా హాలులో ఒక రివాజు ఉండేది. ఇంకొకడి సాంచాలు చూస్తున్నప్పుడు పోగు తెగి బట్ట చెడితే, చూసినవాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. సేఠ్ అరిస్తే హాలంతా సాంచాలు ఆపేసేవాళ్లం. తన కళ్లు కూడా వేరొకడి కోసం పెట్టి నిలబడ్డ మనిషి అతను, అతన్ని ఏమంటాం? బావకు ఈ రివాజు నాకంటే బాగా తెలుసు. తెలిసే నిన్ను అడుగుతున్నాడు.

జవాబు ఇవ్వు.

నేను శనివారం బస్సు ఎక్కుతున్నాను. డ్రైవరు వెనక సీటే అడిగాను. ధూలియాలో దిగను. కడోదరా రాగానే భుజం మీద కొట్టమని చెప్పాను. వచ్చాక ఎన్నాళ్లుంటానో తెలియదు. చూడవలసిన సాంచాలు నీవీ బావవీ రెండు జతలు ఉన్నాయి గదా అక్కడ, నువ్వొక్కదానివే ఎంతని చూస్తావు?

సోమలింగం

కడోదరా
శుక్రవారం

అన్నా,

ఇది నీకు అందుతుందో లేదో, డ్రైవరుకు ఇస్తున్నాను. నువ్వు బస్సులో కూర్చున్నాక చదువు.

నీ ఉత్తరం చదివాక చమ్కీల బంక కడుక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన మళ్లీ అదే చేశాడు. గుండె మీద చెయ్యి, నా వైపు చెయ్యి, వేళ్లు ముడిచి తెరవడం. నేను అరచెయ్యి నెత్తి మీద పెట్టుకున్నాను.

చాలాసేపు చూశాడు. నేను తియ్యలేదు. లత వచ్చి తలుపు దగ్గర నిలబడి "క్యా హువా మమ్మీ?" అంది, అయినా తియ్యలేదు. చెయ్యి నొప్పి పెట్టింది. అప్పుడు ఆయన చెయ్యి నెమ్మదిగా మంచం మీద పెట్టేసి, గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. కూలబడ్డ నాటి నుంచి ఆయన అలా వెనక్కి చూడకుండా నిద్రపోవడం నేను చూడలేదు.

గురక కూడా పెడుతున్నాడు. నువ్వు వచ్చేసరికి లేస్తాడు. తలుపు కొట్టకు, మా ఇద్దరిలో ఒకరికి వినపడదు, ఇంకొకరు ఆయన పక్క విడిచి లేవరు. నెట్టుకుని లోపలికి రా.

సుభాషిణి